టీ ట్రే, ఒంటరి ఎంపీ, సింహాసనం దిగిన రాజు

1930ల నాటి ఇంగ్లాండ్‌లో విడాకులు కావాలంటే ఒక పద్ధతి ఉండేది. భర్త సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ లాంటి ఊరికి వెళ్లి హోటల్లో గది తీసుకుంటాడు. వెంట ఒకావిడ ఉంటుంది. ఆవిడ ప్రియురాలేమీ కాదు, డబ్బులిచ్చి మాట్లాడుకున్న మనిషి. రాత్రంతా పేకాడుకుంటూనో, కుర్చీల్లో కునికిపాట్లు పడుతూనో గడిపేస్తారు. తెల్లారాక ఇద్దరూ మంచమెక్కి, దుప్పటి కప్పుకుని బెల్ కొడతారు. హోటల్ పనమ్మాయి టీ ట్రే పట్టుకుని లోపలికి వస్తుంది. ఆ అమ్మాయి వాళ్లిద్దరినీ చూడాలి, ఈ తతంగమంతా అందుకే. కొన్ని నెలల తర్వాత ఆ అమ్మాయే కోర్టులో బోనెక్కి, ఆ రోజు మంచం మీద ఈయన పక్కనున్నది ఈయన భార్య కాదని చెబుతుంది. విడాకులు మంజూరవుతాయి.

ఇది నాటకమని లాయర్లకు తెలుసు, జడ్జికి తెలుసు, టీ తెచ్చిన అమ్మాయికీ తెలుసు. కానీ చట్టం అలా ఏడ్చింది. ఇంగ్లాండ్, వేల్స్‌లో విడాకులకు పనికొచ్చే కారణం దాదాపుగా ఒక్కటే, వ్యభిచారం. మొగుడు రోజూ కొడుతున్నా, పదేళ్ల కిందటే ఇల్లొదిలి పోయినా, జీవిత భాగస్వామి నయంకాని మతిభ్రమణంతో ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉన్నా పెళ్లి పెళ్లే. 1923 వరకూ ఆడవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. భర్త వ్యభిచారం రుజువైతే చాలదు, దానికి తోడు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా రుజువు చేసుకోవాలి.

అన్నిటికంటే విడ్డూరం ఏమిటంటే, భార్యాభర్తలిద్దరూ సామరస్యంగా విడిపోదామనుకుంటే అది కుమ్మక్కు కింద లెక్క, అప్పుడు విడాకులు రావు. ఆ కుమ్మక్కును పసిగట్టడానికి కింగ్స్ ప్రాక్టర్ అని రాజుగారి పేరు మీద ఒక అధికారి ఉండేవాడు. కోర్టు ముందు తాత్కాలిక డిక్రీ ఇస్తుంది. ఆరు నెలలు ఆగాక గానీ అది ఖాయం కాదు. ఈలోగా ఎవరైనా ఆకాశరామన్న ఉత్తరం రాస్తే కింగ్స్ ప్రాక్టర్ మనుషులు ఆరా తీస్తారు. నాటకం బయటపడిందంటే ఉన్న డిక్రీ కూడా పోతుంది. ఆ ఆరు నెలలూ జంటలకు ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు.

ఈ చట్టాన్ని మార్చాలని 1912లోనే ఒక రాయల్ కమిషన్, అంటే రాజుగారి పేరు మీద వేసిన విచారణ సంఘం, చెప్పింది. క్రూరత్వం, మూడేళ్లకు పైగా వదిలేసి పోవడం, నయంకాని మతిభ్రమణం లాంటివి కూడా కారణాలుగా చేర్చమంది. పాతికేళ్లు గడిచినా ఏ ప్రభుత్వమూ ఆ నివేదికను అమలు చేసే పని పెట్టుకోలేదు. ఎందుకంటే ఇందులో ఏ పార్టీకీ లాభం లేదు. విడాకులు సులువు చేశారని సంతోషించే ఓటరు ఆ మాట బయటికి చెప్పడు. కోపం వచ్చిన పాదిరి మాత్రం ఆదివారం చర్చిలో నిలబడి చెబుతాడు. కార్మిక వాడల్లో కేథలిక్ ఓట్లు ఎక్కువ కాబట్టి లేబర్ పార్టీకి భయం. చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ తమ ఇంటి మనిషి లాంటిది కాబట్టి కన్సర్వేటివ్‌లకు మొహమాటం.

చివరికి ఆ చట్టాన్ని మార్చింది ఏ పార్టీకీ చెందని ఒక ఇండిపెండెంట్ ఎంపీ. పేరు ఎ.పి. హెర్బర్ట్. వృత్తి హాస్య రచన.

ఒంటరి మనిషి వ్యవస్థను ఎదిరించి గెలిచాడని చెబితే కథ వినడానికి బాగుంటుంది. కానీ నాకు ఆసక్తిగా అనిపించేది మరొకటి. ఆ ఒంటరితనాన్ని నిలబెట్టినవి ఏమిటి? అన్నం ఎవరు పెట్టారు, సీటు ఎక్కడిది, సభలో సమయం ఎవరిచ్చారు? రాజు ఉన్న దేశంలో ఇండిపెండెంట్ ఎంపీ బతుకు ఎలా ఉంటుందో అర్థం కావాలంటే ఈ లెక్కలు తేల్చుకోవాలి.

హెర్బర్ట్ 1890లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివాడు, బారిస్టర్ అయ్యాడు, ప్రాక్టీసు మాత్రం పెట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలీలో పోరాడి వచ్చాడు. తర్వాత పంచ్ అనే హాస్య పత్రికలో రాస్తూ పేరు తెచ్చుకున్నాడు. లేని కేసులకు ఉత్తుత్తి కోర్టు తీర్పులు రాయడం ఆయన ప్రత్యేకత. ఒకదాంట్లో ఒక పెద్దమనిషి ఇన్‌కంటాక్స్ వాళ్ల మీద కోపంతో ఆవు ఒంటి మీద చెక్కు రాసి, ఆ ఆవును తోలుకెళ్లి కడతాడు. ఆవు మీద రాసిన చెక్కు చెల్లుతుందా లేదా అన్నది అందులో విచారణ. అవి నిజమైన తీర్పులే అనుకున్న చదువరులు కూడా ఉన్నారు.

నిజం కోర్టులోనూ ఆయన ఇలాంటి పనే ఒకటి చేశాడు. అప్పటికింకా ఎంపీ కాలేదు. పార్లమెంటు భవనంలో ఎంపీల కోసం బార్ ఉంది, దానికి మాత్రం మద్యం లైసెన్సు లేదు. ఊళ్లో సారా కొట్టువాడు లైసెన్సు లేకుండా అమ్మితే జైల్లో వేస్తారు కదా, వీళ్ల సంగతేమిటని పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ వంటశాల కమిటీ మీద కేసు పెట్టాడు. సభ లోపలి వ్యవహారాల్లో కోర్టులు వేలు పెట్టకూడదని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆ కేసును పక్కన పెట్టేశారు. హెర్బర్ట్ ఓడాడు గానీ, చట్టాలు చేసేవాళ్లు ఆ చట్టాలకు అతీతంగా తాగుతున్నారన్న ముక్క లోకానికి తెలిసింది. ఆ తర్వాత ఆయన అదే భవనంలోకి సభ్యుడిగా వెళ్లడం తమాషానే.

1935 నవంబర్‌లో సాధారణ ఎన్నికలు వచ్చాయి. హెర్బర్ట్ నిలబడింది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ స్థానంలో. ఆక్స్‌ఫర్డ్ ఊరి సీటు వేరు, ఇది యూనివర్సిటీకే విడిగా ఉన్న సీటు. బ్రిటన్ బయట చాలామందికి ఇది వింతగా ఉంటుంది గానీ మనకు కొత్తేమీ కాదు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానాన్ని గుర్తు చేసుకుంటే సగం అర్థమైనట్టే. డిగ్రీ ఉంటేనే ఓటు. మామూలు నియోజకవర్గంలో ఒక ఓటు, ఇక్కడ ఇంకో ఓటు. బూత్‌లో వాళ్లిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్‌తో 1, 2, 3 అని ప్రాధాన్యత అంకెలు వేసి వస్తామే, దాదాపు అదే పద్ధతి అక్కడా ఉండేది. తేడా అల్లా ఆక్స్‌ఫర్డ్ ఓటర్లు దేశమంతా, ప్రపంచమంతా చెదిరి ఉంటారు కాబట్టి ఓటు పోస్టులో పంపేవాళ్లు.

ఒంటరి అభ్యర్థికి ఇలాంటి సీటు ఎంత అనుకూలమో ఆలోచించండి. ఊరేగింపులు లేవు, సభలు లేవు, బూత్ ఏజెంట్లు అక్కర్లేదు. పార్టీ యంత్రాంగం చేసే పనే ఇక్కడ లేదు. ఒక మంచి ఉత్తరం రాయగలిగితే చాలు. హెర్బర్ట్ బతుకే ఉత్తరం బాగా రాయడం. తన ఎన్నికల ప్రకటనలో వ్యవసాయం అని శీర్షిక పెట్టి, దాని కింద వ్యవసాయం గురించి నాకేమీ తెలియదు అని రాసేశాడు. అన్నీ తెలిసినట్టు హామీలు గుప్పించే పత్రాలు చదివి విసిగిన పట్టభద్రులకు ఇది నచ్చింది. విడాకుల చట్టం మారుస్తానన్న మాట మాత్రం సరదాకి రాయలేదు. ఆక్స్‌ఫర్డ్‌కు ఉన్న రెండు స్థానాల్లో ఒకటి ఆయనకు దక్కింది, ఆయన మీద నిలబడ్డ కన్సర్వేటివ్ అభ్యర్థికి డిపాజిట్టు కూడా రాలేదు.

ప్రాధాన్యత ఓటు ఇండిపెండెంట్లకు కలిసొస్తుందని మనకూ అనుభవమే. ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ గారు 2007లో, మళ్లీ 2009లో పట్టభద్రుల స్థానం నుంచి ఇండిపెండెంట్ ఎమ్మెల్సీగా గెలిచారు. మొదటి ఓటు ఎవరికేసినా రెండో అంకె నమ్మకమున్న మనిషికి వేసే వెసులుబాటు ఉంటుంది. ఎమ్మెల్యే ఎన్నికల్లో అది లేదు. అక్కడ ఇండిపెండెంట్‌కు ఓటేస్తే ఓటు వేస్టవుతుందన్న భయమే సగంమందిని వెనక్కి లాగుతుంది.

ఇక అన్నం సంగతి. అప్పట్లో ఎంపీ జీతం ఏడాదికి 400 పౌండ్లు, 1937లో 600 చేశారు. లండన్‌లో మధ్యతరగతి సంసారం, రాజకీయం రెండూ దాంతో నడవడం కష్టం. హెర్బర్ట్‌కు రాతల మీద, నాటకాల మీద ఆదాయం ఉంది. పార్టీ టికెట్ కోసం గానీ, ఓడితే ఇచ్చే పదవి కోసం గానీ ఎవరి ముఖం చూడాల్సిన అవసరం లేదు. స్వతంత్రం అనే మాటకు రాజకీయాల్లో మొదటి అర్థం ఇదేనని నా ఉద్దేశం.

సభలోకి అడుగుపెట్టాక అసలు కష్టం మొదలవుతుంది. బ్రిటన్‌లో ప్రతిదీ రాజు పేరు మీదే నడుస్తుంది. ఎంపీ ప్రమాణం చేసేది రాజుకూ ఆయన వారసులకూ విధేయుడిగా ఉంటానని. ప్రభుత్వ కార్యక్రమాన్ని రాజుగారు సింహాసనం మీద కూర్చుని చదువుతారు, రాసిచ్చేది మాత్రం మంత్రులు. ప్రతిపక్షానికి కూడా రాజుగారి విధేయ ప్రతిపక్షమనే పేరు. అంటే అక్కడ రెండే పాత్రలు రాసి పెట్టి ఉన్నాయి, రాజుగారి ప్రభుత్వం, రాజుగారి ప్రతిపక్షం. ఈ రెండిట్లోనూ లేనివాడికి కూర్చునే చోటు కూడా సరిగ్గా తేలదు. ఇవాళ ఏ బిల్లు మీద ఓటింగ్, ఎన్ని గంటలకని చెప్పే విప్ ఉండడు. మనం విప్ అనగానే బెదిరించేవాడు అనుకుంటాం గానీ, రోజువారీగా ఆయన చేసేది సభ్యుడికి దారి చూపించడం. ఇండిపెండెంట్ తన దారి తానే వెతుక్కోవాలి.

హెర్బర్ట్ వెతుక్కునేదాకా ఆగలేదు. కొత్త సభ పని మొదలైన రెండో రోజే లేచి నిలబడ్డాడు. ప్రధాని బాల్డ్విన్ ప్రభుత్వం అప్పుడు ఎప్పటిలాగే ఒక తీర్మానం పెట్టింది. ప్రైవేటు సభ్యుల బిల్లులకు కేటాయించే శుక్రవారాలను క్రిస్మస్ దాకా ప్రభుత్వమే వాడుకుంటుందని దాని సారాంశం. కొత్తవాళ్లు నోరు విప్పరు, పాతవాళ్లకు అలవాటైపోయింది. హెర్బర్ట్ మాత్రం ఆ శుక్రవారాలు మావి, నా జేబులో విడాకుల బిల్లు ఉంది, దాన్ని పాస్ చేయించుకునే పోతానని ప్రకటించాడు. తీర్మానం ఎలాగూ నెగ్గింది.

సభలో చేసే మొదటి ప్రసంగాన్ని ఇంగ్లిష్‌లో కన్య అనే అర్థమొచ్చే మాటతో పిలుస్తారు. సంప్రదాయం ప్రకారం అది అణకువగా, ఎవరినీ నొప్పించకుండా, తన ఊరి గొప్పలు నాలుగు చెప్పుకుని ముగిసిపోవాలి. ఆ రోజు హెర్బర్ట్ మాట్లాడింది విని చర్చిల్, దీన్ని కన్య అంటారా, రంగులు పూసుకుని సిగ్గులేకుండా వీధినపడ్డ మనిషిలా ఉంది ఈ ప్రసంగం అని మెచ్చుకున్నాడట. తొలి ప్రసంగం అని తెలుగు చేస్తే ఈ ఛలోక్తి మొత్తం ఆవిరైపోతుంది, అందుకే ఇంత వివరణ.

మళ్లీ ఆ శుక్రవారాల దగ్గరికి వద్దాం, ఎందుకంటే కథంతా వాటి మీదే ఆధారపడి ఉంది. బిల్లు ప్రవేశపెట్టడం ఎవరైనా చేయొచ్చు. దానికి చర్చ జరిగే సమయం దొరకాలి, కష్టమంతా అక్కడే. ప్రభుత్వం కాని సభ్యుల బిల్లులకు ఏడాదికి కొన్ని శుక్రవారాలే ఉంటాయి. వాటి కోసం సభ్యులు పేర్లిచ్చి లాటరీ వేసుకుంటారు. చీటీ ముందు వచ్చినవాళ్లకే అవకాశం. మిగిలినవాళ్ల బిల్లులు కాగితాల్లోనే ఉండిపోతాయి. మన లోక్‌సభలోనూ శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు మెంబర్ బిల్లులకని ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటి బిల్లులు చట్టమైనవి మొత్తం 14. చివరిది 1970లో. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.

హెర్బర్ట్‌కు లాటరీలో అదృష్టం కలిసిరాలేదు. 1936 నవంబర్‌లో రూపర్ట్ డి లా బేర్ అనే కన్సర్వేటివ్ ఎంపీకి ముందు స్థానం వచ్చింది. ఆయన దగ్గర తనదంటూ బిల్లేమీ లేదు. హెర్బర్ట్ బిల్లును తన పేరు మీద పెట్టడానికి ఒప్పుకున్నాడు. చరిత్రలో హెర్బర్ట్ చట్టం అని పిలిచే ఆ బిల్లు కాగితం మీద మొదటి పేరు పార్టీ ఎంపీదే. ఒంటరి వీరుడి కథలు చెప్పేటప్పుడు ఈ ముక్క జారిపోతూ ఉంటుంది.

1936 నవంబర్ 20, శుక్రవారం. బిల్లు రెండో పఠనానికి, అంటే దాని మూల ఉద్దేశం మీద చర్చకూ ఓటుకూ వచ్చింది. 78 మంది అవునన్నారు, 12 మంది కాదన్నారు. ఆరు వందలకు పైగా సభ్యులున్న సభలో మొత్తం కలిపి వందమంది కూడా లేరు. శుక్రవారం కదా, చాలామంది రైలెక్కి సొంతూళ్లకు పోయారు. వ్యతిరేకించేవాళ్లకు ఓటేసి మాటపడటం కంటే ఇంటికెళ్లిపోవడం సుఖంగా అనిపించి ఉంటుంది. పార్టీలు విప్ పెట్టకుండా వదిలేయడమే ఈ బిల్లుకు ప్రాణం పోసింది.

ఆ సమయానికి సభలో కూర్చున్నవాళ్లందరి మనసులో ఇంకో సంగతి కూడా మెదులుతూ ఉండాలి. బయట జనానికి తెలియదు, బ్రిటిష్ పత్రికలు నోరు కట్టుకుని ఉన్నాయి. రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ ఒక అమెరికన్ మహిళను పెళ్లి చేసుకోవాలని పట్టుబట్టి ఉన్నాడు. ఆవిడ పేరు వాలిస్ సింప్సన్. మొదటి భర్తతో ఎప్పుడో విడాకులయ్యాయి. రెండో భర్త ఎర్నెస్ట్ సింప్సన్‌తో తాత్కాలిక డిక్రీ వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు, అక్టోబర్ 27న ఇప్స్‌విచ్ కోర్టులో ఇచ్చారు. ఆ కేసులో సాక్ష్యం ఏమిటో ఊహించండి. థేమ్స్ ఒడ్డున బ్రే అనే ఊళ్లో హోటల్, మంచం మీద ఎర్నెస్ట్, పక్కన భార్య కాని స్త్రీ, పొద్దున్నే టీ తెచ్చిన హోటల్ సిబ్బంది.

ఏ దొంగాటను ఆపడానికి హెర్బర్ట్ బిల్లు తెచ్చాడో, సరిగ్గా ఆ దొంగాటే రాజుగారి ప్రేమకథలోనూ జరిగింది. రాజేమో చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్‌కు అధిపతి. భర్త బతికుండగా విడాకులు తీసుకున్న స్త్రీకి మళ్లీ పెళ్లి చేయడానికి ఆ రోజుల్లో ఆ చర్చి ఒప్పుకునేది కాదు. డిసెంబర్ 3న పత్రికలు గేట్లెత్తేశాయి, 11న ఎడ్వర్డ్ సింహాసనం దిగిపోయాడు. తమ్ముడు ఆరో జార్జ్ రాజయ్యాడు. హెర్బర్ట్ ఎన్నికైనప్పుడు ఐదో జార్జ్ రాజు. ఏడాది తిరిగేసరికి ముగ్గురు రాజుల కాలం చూశాడన్నమాట. మిగతా కొన్ని నెలలు కింగ్స్ ప్రాక్టర్ సింప్సన్ గారి విడాకుల మీద కూడా ఆరా తీశాడు. కుమ్మక్కుకు ఆధారం దొరకలేదన్నాడు. 1937 మే 3న డిక్రీ ఖాయమైంది.

ఈ గొడవంతా హెర్బర్ట్ బిల్లును ముంచేసి ఉండాల్సింది. ఇది రాజు కోసం తెచ్చిన చట్టమన్న అనుమానం ఒక్కటి అంటుకుంటే చాలు. అది అంటుకోకపోవడానికి ఒక కారణం, ఆయన వెనక ఏ పార్టీ లేకపోవడం. ఎవరి లాభం కోసం చేస్తున్నాడని వెతికితే ఎవరూ కనిపించరు. ఇంకో కారణం, ఏడాది ముందే ఎన్నికల పత్రంలో రాసిన మాట ఇది.

అయినా ఊరికే పాస్ కాలేదు, బేరాలు నడిచాయి. పెళ్లయిన మొదటి కొన్నేళ్లు విడాకుల పిటిషన్ వేయకూడదన్న నిబంధన పెట్టారు. ముందు అయిదేళ్లు అనుకున్నది చివరికి మూడేళ్లయింది, మరీ దుర్భరమైన కేసుల్లో జడ్జి మినహాయించవచ్చు. విడాకులు తీసుకున్నవాళ్లకు మళ్లీ పెళ్లి చేయాలని ఏ పాదిరినీ బలవంతపెట్టకూడదన్నారు, దాంతో చర్చిలో సగం కోపం చల్లారింది. తాగుబోతుతనం కూడా కారణమే అని 1912 కమిషన్ చెప్పింది గానీ అది చట్టంలోకి రాలేదు. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడమనే మాటను హెర్బర్ట్ అసలు ఎత్తనే లేదు. వ్యంగ్యం రాసేటప్పుడు ఎవరినీ వదలని మనిషి, బిల్లు రాసేటప్పుడు ఇంత ఓర్పు చూపించడం నాకు ఆశ్చర్యమే. టీ ట్రే నాటకం మొత్తానికి పోదని ఆయనకు తెలిసే ఉంటుంది. పార్టీ ఉన్నవాడు ఈసారి కాకపోతే వచ్చేసారి అనుకోవచ్చు. ఇండిపెండెంట్‌కు ఇంకో శుక్రవారం వస్తుందన్న నమ్మకం ఉండదు. కాబట్టి దొరికినంత పట్టుకున్నాడు.

ప్రభుత్వం మేము తటస్థం అంటూనే చివర్లో కొంత సమయం సర్దింది. 1937 జులై 30న రాజముద్ర పడింది. ఆ ఆమోదాన్ని ఇప్పటికీ పాత నార్మన్ ఫ్రెంచ్‌లోనే ప్రకటిస్తారు, రాజుగారికి సమ్మతం అని. విడాకుల మీద ఒక అన్న సింహాసనం వదులుకున్న ఏడాదిలోపే, విడాకుల చట్టానికి తమ్ముడి పేరు మీద సమ్మతం వచ్చింది. 1938 జనవరి 1 నుంచి క్రూరత్వం, మూడేళ్ల పరిత్యాగం, నయంకాని మతిభ్రమణం కూడా విడాకులకు కారణాలయ్యాయి.

ఇది మన దాకా వచ్చిందా? ఆ చట్టం ఇంగ్లాండ్, వేల్స్‌కే. ఇక్కడి క్రైస్తవులకు 1869లో బ్రిటిష్‌వాళ్లు చేసిన విడాకుల చట్టం ఉండేది, అందులో భార్యకు పాత ఇంగ్లిష్ అన్యాయమే, భర్త వ్యభిచారంతో పాటు ఇంకోటి కూడా రుజువు చేయాలి. ఇంగ్లాండ్ దాన్ని 1923లో తీసేసింది. మన పార్లమెంటు 2001లో గానీ సవరించలేదు. గుంటూరులోనో, సికింద్రాబాద్‌లోనో ఉన్న క్రైస్తవ స్త్రీ ఆ తేడాను 78 ఏళ్లు మోసింది. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చినా క్రూరత్వం, పరిత్యాగం విడాకులకు కారణాలైంది 1976 సవరణతోనే. అంతకుముందు వాటితో విడిగా ఉండే అనుమతి మాత్రమే దొరికేది.

హెర్బర్ట్ తర్వాతి కాలం అంత మెరుపుగా ఏమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తన సొంత పడవతో థేమ్స్ నది మీద నౌకాదళానికి కాపలా తిరిగాడు. ఎంపీగా ఉంటూనే పెటీ ఆఫీసర్ హోదాలో, అంటే కింది ర్యాంకులో పనిచేశాడు. కొత్తగా వేసిన కొనుగోలు పన్ను పుస్తకాల మీద పడకూడదని పోరాడినవాళ్లలో ఆయనా ఉన్నాడు, పుస్తకాలకు మినహాయింపు దొరికింది. 1943లో న్యూఫౌండ్లాండ్ పరిస్థితి చూసి రావడానికి ముగ్గురు ఎంపీలను పంపితే అందులో ఒకడిగా వెళ్లాడు. అప్పుల్లో కూరుకుపోయి స్వపరిపాలన పోగొట్టుకున్న ద్వీపం అది. దాన్ని కెనడాలో కలపొద్దు, వాళ్ల పాలన వాళ్లకివ్వండని గట్టిగా వాదించాడు. 1949లో కలిపేశారు. విడాకుల విషయంలో పార్టీలు పక్కకు తప్పుకున్నాయి, ఇక్కడ ప్రభుత్వానికి ముందే ఒక నిర్ణయం ఉంది. ప్రభుత్వం పట్టుదలగా ఉన్నచోట ఒక్క ఓటుకు ఎంత విలువుంటుందో అంతే ఉంది.

యూనివర్సిటీ సీట్ల నుంచి ఇలాంటివాళ్లు ఇంకొందరు వచ్చారు. ఎలినార్ రాత్‌బోన్ 1929 నుంచి 1946లో చనిపోయేదాకా ఇండిపెండెంట్ ఎంపీ. పిల్లల పెంపకానికి ప్రభుత్వం భత్యం ఇవ్వాలని, ఆ డబ్బు నేరుగా తల్లి చేతికే అందాలని పట్టుబట్టి 1945లో చట్టం చేయించింది. మన దేశంలో బాల్య వివాహాల మీద కూడా చాలా రాసింది. మా ఆడవాళ్ల గురించి మాట్లాడాల్సింది మేము, మీరెవరు అని 1929లో లండన్‌లోనే మన మహిళా ఉద్యమ నాయకురాలు ధన్వంతి రామారావు ఆవిడను నిలదీశారు. సదుద్దేశం ఉన్న ఇండిపెండెంట్ కూడా సామ్రాజ్యంలో భాగమే మరి.

ఇప్పుడు ఈ కథలో ఇబ్బందికరమైన ముడి దగ్గరికి వచ్చాం. సభలో అంత స్వేచ్ఛగా మాట్లాడినవాళ్లు వచ్చిన సీట్లు ఎలాంటివి? డిగ్రీ ఉన్నవాడికి రెండు ఓట్లు, గనిలో బొగ్గు తవ్వేవాడికి ఒకటి. యూనివర్సిటీ సీట్లు మొత్తం 12 ఉండేవి. 1948లో అట్లీ లేబర్ ప్రభుత్వం మనిషికి ఒకే ఓటు అంటూ చట్టం చేసి వాటిని రద్దు చేసింది. హెర్బర్ట్ గట్టిగా వ్యతిరేకించాడు. న్యాయంగా చూస్తే లేబర్ చెప్పిందే కరెక్టు. కానీ ఆ న్యాయమైన పనితో సభలో ఇండిపెండెంట్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. 1950 ఎన్నికలతో హెర్బర్ట్ సీటు కూడా పోయింది, ఆయన మళ్లీ పార్లమెంటుకు రాలేదు. 1985లో ఎన్టీఆర్ శాసనమండలిని రద్దు చేసినప్పుడు, 2007లో దాన్ని తిరిగి తెచ్చినప్పుడు మన దగ్గరా ఇలాంటి వాదనలే నడిచాయి. రెండు వైపులా కొంత నిజం ఉంది.

మామూలు నియోజకవర్గంలో ఇండిపెండెంట్ గెలవాలంటే ఏం జరగాలో చూడాలంటే 1997లో ఇంగ్లాండ్‌లోని టాటన్ నియోజకవర్గానికి వెళ్లాలి. సభలో ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకున్నాడని ఆరోపణలున్న నీల్ హామిల్టన్ అక్కడ కన్సర్వేటివ్ ఎంపీ. ఆయన మీద బీబీసీ యుద్ధ విలేకరి మార్టిన్ బెల్ తెల్ల సూటు వేసుకుని నిలబడ్డాడు. లేబర్, లిబరల్ డెమోక్రాట్లు తమ అభ్యర్థులను వెనక్కి తీసుకున్నారు. 11,077 ఓట్ల మెజారిటీ వచ్చింది. అంటే ఆయన ఇండిపెండెంటే గానీ, ఆ గెలుపు వెనక రెండు పార్టీలున్నాయి. ఒక్కసారే ఉంటానని మాటిచ్చి, 2001లో ఆ సీటు వదిలేసి ఇంకోచోట నిలబడి ఓడిపోయాడు.

అదే 2001లో కిడర్‌మిన్‌స్టర్ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ విభాగం మూసేశారన్న కోపంతో ఆ ప్రాంతం వాళ్లు రిటైరైన డాక్టర్ రిచర్డ్ టేలర్‌ను 17,630 మెజారిటీతో గెలిపించారు. ఓడినవాడు జూనియర్ మంత్రి. టేలర్ 2005లో కూడా గెలిచాడు, మెజారిటీ మాత్రం 5,250కి పడిపోయింది. ఆ రెండుసార్లూ లిబరల్ డెమోక్రాట్లు పోటీలో లేరు. 2010లో వాళ్లు నిలబడ్డారు, టేలర్ ఓడిపోయాడు.

2024 జులై ఎన్నికల్లో ఆరుగురు ఇండిపెండెంట్లు కామన్స్‌కు వచ్చారు. అందులో లేబర్ పార్టీ మాజీ నాయకుడు జెరెమీ కార్బిన్ ఒకరు. సభలో కమిటీ స్థానాలు పార్టీల బలాన్ని బట్టి పంచుకుంటారు, ప్రతిపక్షాలకు ఇచ్చే నిధులు కూడా పార్టీలకే. విడివిడిగా ఉంటే ఏదీ రాదు. సెప్టెంబర్ కల్లా ఆరుగురిలో అయిదుగురు కలిసి ఒక కూటమిగా ఏర్పడ్డారు. మరుసటి ఏడాది జులైలో కార్బిన్ కొత్త పార్టీ పెడుతున్నట్టు ప్రకటించాడు. ఇండిపెండెంట్‌గా గెలిచి తర్వాత పార్టీలో చేరితే మన రాజ్యాంగంలో ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూల్ ప్రకారం సభ్యత్వమే పోతుంది. అక్కడ అలాంటి చట్టం లేదు.